వంతెన దగ్గర వదిలిన చెప్పులు

ఆ ముసురు పట్టిన ఉదయం దర్జీ పెద్దాయన తలపెట్టింది చిన్న పనే. కొండల నడుమ ఏటి మీద వేలాడే నడక వంతెనని ఒక్కసారి దాటాలి. భార్య బతికున్నన్నాళ్లూ "అవతలిదాకా నడుద్దాం, రండి" అని బతిమాలుతూనే ఉండేది. ఎత్తంటే గుండె జారిపోయే మనిషి, ప్రతిసారీ కుట్టుపని వంక పెట్టి తప్పించుకున్నాడు. ఆమె పోయి ఏడాదయింది. ఇప్పుడు మిషను ముందు కూర్చున్నా పని సాగడం లేదు.

దుకాణం తాళాలు బావమరిది చేతిలో పెట్టి, "మీ అక్క కోరిక తీర్చొస్తా. ఆలస్యమైతే నువ్వే తియ్యి," అన్నాడు.

వంతెన మొదట్లో, జారతాయని చెప్పులు విడిచాడు. కింద నీళ్లు కనబడకూడదని కళ్లద్దాలు తీసి చెప్పులో పెట్టాడు. కమ్మీ పట్టుకుని ఎలాగో సగందాకా వెళ్లాక కాళ్లు మొరాయించాయి. ఆమె ఉంటే చెయ్యి పట్టుకునేది కదా అనుకునేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

మనసాగక వెనకాలే వచ్చిన బావమరిది కంట ముందుగా పడినవి ఆ చెప్పులూ కళ్లద్దాలూ.

"అయ్యో, మా బావ దూకేస్తున్నాడు!"

రొట్టెల కొట్టాయన, పాలావిడ, బడి పంతులు, అందరూ పొలోమని వంతెనెక్కారు. ఆ పరుగులకి వంతెన కాస్తా ఊయలైంది.

"రాకండి! ఇంకో అడుగేశారంటే పడిపోతాను!" అని అరిచాడు పెద్దాయన.

"చూశారా, ఎలా బెదిరిస్తున్నాడో!" అంది పాలావిడ.

ఇంతలో పోలీసాయన వచ్చాడు. అందర్నీ ఒడ్డుకి తరిమి, తానొక్కడే బయల్దేరాడు.

"పెద్దాయనా, బతుకన్నాక కష్టాలుంటాయి..." అంటూ పక్కదాకా వచ్చి, పొరపాటున కిందికి చూశాడు. అంతే, రెండు చేతులతో దర్జీ నడుం కరుచుకున్నాడు.

"పట్టేశారు!" ఒడ్డున చప్పట్లు మోగాయి.

"ఏమైందండీ?" అడిగాడు దర్జీ.

"నాకూ ఎత్తంటే భయం. దయచేసి ఎవరికీ చెప్పకండి."

అంత దుఃఖంలోనూ దర్జీకి నవ్వొచ్చింది. "కళ్లు మూసుకోండి. నా భుజం పట్టుకుని మెల్లగా రండి," అంటూ ముందుకి నడిచాడు. వణికేవాణ్ణి వెంటేసుకుని నడుస్తుంటే తన వణుకు గుర్తురాలేదు. కాళ్లకి తడి నేల తగిలాక, "దాటేశానోయ్," అన్నాడు, పక్కన భార్య ఉన్నట్టే. కళ్లు మళ్లీ నిండాయి.

పోలీసాయన కళ్లు తెరిచి, గొంతు సవరించుకున్నాడు. "ఊళ్లోకి వేరే దారేమైనా ఉందా?"

"లేదండీ."

చెప్పులు, కళ్లద్దాలు, ఇల్లు, పోలీసు స్టేషను, అన్నీ అవతలి ఒడ్డునే ఉన్నాయి.