వంటింట్లో మనిషి కనబడాలంటే...

భార్య చేసే ఇంటిపని మొగుడి కంట పడాలంటే ఒకటే మార్గం. దానికి నూనె రంగులు పూసి, ఫ్రేము కట్టి, గోడకి తగిలించాలి! వేళాకోళం అనుకునేరు. డెవెంటర్ పట్నంలో యోరిస్ ఇంట జరిగింది వినండి.

యోరిస్ వరద కట్టల ఆఫీసులో రిటైరయ్యి ఇంటికి చేరాడు. చేరి, వంటింటి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని, కాఫీ అడిగాడు. అంతే, ఆయన దినచర్య పూర్తయింది! భార్య విల్లెమైన్ కాఫీ ఇచ్చింది, బఠాణీ సూపు కాచింది, కిటికీ అద్దాలు తుడిచింది, ఆయన కాళ్ళు పైకెత్తితే కింద నేల కూడా తుడిచింది. ఆయనకి కనబడిందా? ఎలా కనబడుతుంది, పేపరు అడ్డం కదా!

ఊపిరాడక ఆవిడ లైబ్రరీలో బుధవారం సాయంత్రాల ఆయిల్ పెయింటింగ్ క్లాసులో చేరింది.

"సొంత బొమ్మలకి తొందరపడకు. పాతది చూసి దింపు, చెయ్యి దానంతటదే తిరుగుతుంది" అంది టీచరు హెన్రియెట్, ఓ పాత చిత్రం ప్రింటు చేతికిస్తూ. అదొక వంటిల్లు. ఎడమ కిటికీలోంచి వెలుతురు, నలుపూ తెలుపూ గచ్చు, రాగి గిన్నె తోముతున్న పనిమనిషి. "ముందు గది వెయ్యి. మనిషి ఆఖర్న."

విల్లెమైన్ ఆ ప్రింటు తెచ్చి వంటింటి గోడకి మేకు కొట్టి తగిలించింది. ఏం చెప్పమంటారు! యోరిస్ పేపరు దించాడు!

"అబ్బ, ఆ మొహంలో ఓపిక చూడు! ఆ మోచేతులు చూడు! గిన్నె తోమడంలో ఇంత అందముందని నాకిన్నాళ్ళూ తెలీదు సుమా!"

ఆ నిమిషాన విల్లెమైన్ మోచేతులు మాడిన సూపు గిన్నెలో ఉన్నాయి.

"కాస్త పక్కకి జరుగు విల్లీ, బొమ్మకి అడ్డొస్తున్నావ్."

చూశారా, కళ మనిషిని ఎంత సున్నితంగా మారుస్తుందో! ఆయన అంతటితో ఆగలేదు. పక్కింటాయన్ని పిలిచి శ్రమలోని గొప్పతనం గురించి ఉపన్యాసమిచ్చాడు. ఇద్దరికీ కాఫీ ఎవరు పెట్టారని అడక్కండి. పక్కింటాయన వెళ్ళాక భార్యకేసి తిరిగి, "అవునూ, మన గిన్నెలు అలా మెరవ్వేం?" అన్నాడు.

విల్లెమైన్ చెయ్యి సబ్బునీళ్ళలో ఆగిపోయింది. ఆ వారం నుంచి ఆవిడ శనివారం క్లాసుకి కూడా వెళ్ళసాగింది. కిటికీ వేసింది, గచ్చు వేసింది, గిన్నె మీది మెరుపు మళ్ళీ మళ్ళీ చెరిపి వేసింది. ఇంట్లో సూపు డబ్బాల్లోంచి రాసాగింది.

బొమ్మ ఆరింది. ఓ సాయంత్రం ఇంటికి తెచ్చి, ప్రింటు పీకేసి, ఆ మేకుకే తగిలించింది. యోరిస్ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికొచ్చాడు. వెలుతురుంది, గచ్చుంది, బల్ల మీద తళతళలాడే రాగి గిన్నె ఉంది. పక్కన ఎవరూ లేరు.

"విల్లీ! ఇందులో ఆవిడేదీ?"

"క్లాసుకెళ్ళింది" అంది విల్లెమైన్, చలికోటు గుండీలు పెట్టుకుంటూ. "రావడం ఆలస్యమవుతుంది. గిన్నె నానబెట్టాను, తోమిపెట్టు."

తోమే పీచు ఎక్కడుంటుందని అడుగుదామని ఆయన తిరిగేసరికి వీధి తలుపు మూసుకుంది.

నవ్వకండి. మీ ఇంట్లో అదెక్కడుంటుందో మీకు తెలుసా?