మర్యాదస్తులకు ప్రవేశం లేదు

ఆ ఆదివారం పొద్దున లాల్ అహమ్మద్ పెట్టుకున్న పని ఒక్కటే: ఇడ్లీలు చల్లారకముందే తినడం. తెనాలి స్టేషన్ ఎదుట నెట్ సెంటర్ నడుపుతూ, రేపల్లె పాసింజరులో తిరిగేవాళ్ల కోసం ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు పెట్టాడు. రెండొందల మంది చేరారు. చేరిన రోజు నుంచీ కొట్లాటలే. ఆ తిట్లన్నీ తుడిచేసరికి రోజూ టిఫిన్ చల్లారిపోయేది.

అంతకంటే పెద్ద దిగులు ఇంకోటి ఉంది. చిన్ననాటి స్నేహితుడు, రేపల్లెలో తెలుగు చెప్పే వేంకటేశ్వర్లు మాస్టారు, కిటికీ పక్క సీటు గొడవలో మూడు నెలల కిందట అలిగారు. అప్పటి నుంచి గ్రూపులో "తమరు", "అయ్యా మహానుభావా" అంటూ రాస్తున్నారు. ఆయన నోట మళ్లీ "ఒరేయ్" వినబడుతుందా అన్నదే అహమ్మద్ బెంగ.

వడ్లమూడిలో ఇంజినీరింగ్ చదివే అన్న కూతురు ఆలియా ఒక ప్రోగ్రాం రాసిచ్చింది. "చిన్నాన్నా, ఇది చంటిపిల్ల లాంటిది. ఏవి మంచి మాటలో, ఏవి తిట్లో చూపిస్తే నేర్చుకుంటుంది. ఆ తర్వాత తిట్లు అదే తీసేసి, రాసినవాళ్లకి చీవాట్లు కూడా పెడుతుంది."

అహమ్మద్ పాత గొడవలన్నీ తిట్ల కింద, స్నేహితుల కబుర్లన్నీ మంచి కింద చూపించి ఇడ్లీల దగ్గరికి లేచాడు.

రెండోది తుంచేలోపే గ్రూపులో ఉన్న రమణి బాపట్ల నుంచి ఫోన్ చేసింది.

"ఏంటన్నయ్యా ఇది? 'పెద్దలందరికీ నమస్కారమండి, సూర్యలంక బీచికి వెళ్దాం రండి' అని రాశాను. తీసేసి, 'నోరు అదుపులో పెట్టుకో' అంటుందేంటి?"

రమణి తరఫున "గౌరవనీయులైన సోదరి" అంటూ గ్రూపులోనే ఉన్న దేవసహాయం రాశాడు. అదీ పోయింది. "క్షమించగలరు" అన్నందుకు అతణ్ణి గ్రూపులోంచే వెళ్లగొట్టింది. పదకొండయ్యేసరికి పెద్దమనుషులంతా బయట ఉన్నారు. లోపల మిగిలినవాళ్లు "ఏరా సచ్చినోడా, టీ తాగావా?" అని పలకరించుకునేవాళ్లే.

అహమ్మద్ ఆలియాను రమ్మని కబురు పెట్టి, తీసేసిన మెసేజీలు తిరగేశాడు. "మిత్రులు శ్రీ అహమ్మద్ గారికి, తప్పు నాదేనండి" అని మాస్టారు రాశారు. దాని కింద మిషను జవాబు: "ముందు మాట్లాడటం నేర్చుకో."

ఫోన్ చేస్తే మాస్టారు ఎత్తలేదు. మధ్యాహ్నం పాసింజరు దిగి నేరుగా షాపులోకే వచ్చారు.

"ఒరేయ్ లాలూ! ముప్పై ఏళ్లుగా తెలుగు చెబుతున్నవాణ్ణి, నాకు మాట్లాడటం నేర్పుతావట్రా, సన్నాసీ!"

అహమ్మద్ కళ్లు చెమ్మగిల్లాయి. "మళ్లీ అనరా."

"ఏమని?"

"ఏదైనా సరే. ఒరేయ్‌తో మొదలుపెట్టు."

"ఒరేయ్ వెధవా!" అంటూ మాస్టారు పక్క కుర్చీలో కూర్చున్నారు.

అప్పుడే వచ్చిన ఆలియా తీసేసిన మెసేజీలన్నీ చూసి నవ్వింది. "ఈ ప్రోగ్రాం తప్పేం లేదు చిన్నాన్నా. మీకు కోపమొస్తే తమరు, గారు. ప్రేమొస్తే వెధవ, సన్నాసి. మీరు చూపించిందే ఇది నేర్చుకుంది."

"మనం మూడు నెలలు తిట్టుకున్నామని దీనికి ఒక్కపూటలో తెలిసిపోయిందట్రా!" అంటూ మాస్టారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "అవతలికి జరుగు. పాఠం నేను చెప్తా."

సాయంత్రానికి రమణి నమస్కారం గ్రూపులోకి తిరిగొచ్చింది. దాని వెనకే దేవసహాయం, మిగతా పెద్దమనుషులూ వచ్చారు. చెప్పింది చెప్పినట్టు నేర్చుకోవడమే ఈ మిషను జబ్బనీ, తన సర్వీసులో ఆ జబ్బు ఒక్క విద్యార్థికీ రాలేదనీ మాస్టారు తేల్చారు.