కారుకు ముక్కు ఆపరేషన్

ఆదివారం ఉదయం చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్టేషనుకు వెళ్ళాలి. రైలు దిగిన అత్తగారిని తన పాత స్పోర్ట్స్ కారులో కూర్చోబెట్టుకోవాలి. దారిలో ఎక్కడా ఆగకుండా కొండదారి ఎక్కి, ఇంటి గుమ్మం ముందు దింపాలి. లోకంలో అల్లుళ్ళందరూ చేసే పనే. కాకపోతే వాళ్ళెవరూ తమకంటే వయసులో పెద్దదైన కారుతో చేయరు.

‘ఆగకుండా’ అన్న మాట ఆయన భార్యది. ఆవిడ హెడ్మిస్ట్రెస్. బళ్ళోనే కాదు, ఇంట్లో కూడా ఒక మాట రెండోసారి చెప్పే అలవాటు లేదు. ఆవిడ తల్లి ఇక వీళ్ళ దగ్గరే ఉండిపోవడానికి వస్తోంది. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ఒకదాంట్లో దంపతులు పడుకుంటారు, రెండోదాంట్లో పరీక్ష పేపర్లు పడుకుంటాయి. ఇక మిగిలింది కారు షెడ్డు. దానికి కిటికీ పెట్టించి, రంగు వేయించి గది చేద్దామని ఆవిడ, మరి కారెక్కడికి పోతుందని ఆయన చాలా రోజులు వాదించుకున్నారు. చివరికి ఆవిడే తీర్పు చెప్పింది. "అది పనికొచ్చే కారే అయితే మా అమ్మను అందులో తీసుకురండి. మధ్యలో ఆగకుండా వచ్చిందా, షెడ్డు జోలికి రాను, హాల్లో చెక్క గోడ కట్టిస్తాను. ఆగిందా, మర్నాడే అమ్మేస్తాం." తల్లికి మాత్రం ఫోనులో, గది సిద్ధంగా ఉంది, ఏ బెంగా పెట్టుకోవద్దని చెప్పేసింది.

డాక్టరుగారికి ఆ కారంటే ప్రాణం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ళ ముక్కుల్లోకి లైటు వేసి చూసి చూసి విసిగిపోయిన మనిషాయన. ఇష్టపడి చూసేది ఇక అదొక్కటే మిగిలింది. ఆస్పత్రి నుంచి రాగానే షెడ్డులోకి వెళ్ళి, దాని పక్కన స్టూలు వేసుకుని, ఏమీ చేయకుండా కూర్చునేవారు. అది కూడా పోతే ఇక చెవులు, ముక్కులు, గొంతులే గతి అని తలుచుకుంటే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చేది.

కారుకున్న జబ్బు ఒక్కటే. ఎత్తు ఎక్కేటప్పుడు రొప్పుతుంది. ప్లగ్గులు మార్చినా, పెట్రోలు గొట్టాలు కడిగించినా తగ్గలేదు. పందెం కుదిరాక డాక్టరుగారు బానెట్ ఎత్తి, ఇంజన్ మీదికి చెవి వంచి, కాసేపు విని తేల్చేశారు: ముక్కు దిబ్బడ. ఇంజన్‌కు గాలి ఒక నల్ల రేకు డబ్బాలోంచి వెళుతుంది. ఆ డబ్బా నుంచి కారు ముందు జాలీ దాకా వంకరటింకర గొట్టం ఒకటుంది. ఇంత వంకర ముక్కుతో ఎవరికి మాత్రం ఊపిరాడుతుంది? ఆయన లెక్కలో అది నేరుగా ఆపరేషన్ కేసు. అదే పళ్ళ డాక్టరైతే గేర్ల పళ్ళు పీకించి ఉండేవాడు.

పాత కార్లను ముస్తాబు చేసే సామాన్ల షాపు నుంచి గరాటులా మెరిసిపోయే ఫిల్టరు ఒకటి తెప్పించారు. దానికి డబ్బా లేదు, గొట్టం లేదు. ఇంజన్ నోటికి నేరుగా తగిలించడమే. అట్టపెట్టె మీద పరుగెత్తే చిరుతపులి బొమ్మ ఉంది. మెకానిక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాత కార్ల యజమానులతో వేగి వేగి వాదించడం మానేసిన మనిషతను.

"బలం పెరుగుతుందంటావా?" అని అడిగారు డాక్టరుగారు.

"మోత పెరుగుతుందండి."

"గొంతు పెరిగిందంటే ఊపిరి పెరిగినట్టే కదా."

"మీరు డాక్టరుగారు, మీకు తెలీనిదేముంది. పెట్టమంటే పెడతాను, తీసెయ్యమంటే తీసేస్తాను. రెండింటికీ ఒకటే పానా."

పెట్టాడు. పెట్టాక బానెట్ మూతపడలేదు. కాబట్టి దాన్ని సగం తెరిచి తాడుతో కట్టారు. అలా లేచిన బానెట్ చూపుకు అడ్డం వచ్చింది కాబట్టి సీటు మీద దిండు వేశారు. దిండు వేశాక తల పైకప్పుకు తగిలింది కాబట్టి డాక్టరుగారు మెడ ఒక పక్కకు వాల్చి నడపాల్సి వచ్చింది. ఇవన్నీ బలం పెరిగినప్పుడు వచ్చే చిన్న ఇబ్బందులని ఆయన సరిపెట్టుకున్నారు.

ఆదివారం ఉదయం కారు స్టార్ట్ చేయగానే పక్కింటివాళ్ళు తమ నీళ్ళ మోటారు పాడైందనుకుని పరుగెత్తుకెళ్ళి స్విచ్చు ఆపేశారు. హెడ్మిస్ట్రెస్ గుమ్మంలోకి వచ్చి, ఇది బాగుపడినట్టా అని అడిగింది. ఊపిరి పీలుస్తోందని ఆయన జవాబు చెప్పారు. ఆ మోతలో అది ఆవిడకు వినబడక మళ్ళీ చెప్పారు.

స్టేషను దాకా అంతా పల్లమే, పల్లంలో ఏ కారైనా బాగానే పోతుంది. స్టేషను ముందు మాత్రం డాక్టరుగారికి పెద్ద ధర్మసందేహం వచ్చింది: ఇంజన్ ఆపితే ఆగినట్టు లెక్కా, కాదా? ఎందుకొచ్చిన గొడవని ఆపనేలేదు. రైలు ఆలస్యం. అత్తగారు వచ్చి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేసరికి బానెట్ కింద పొయ్యి బాగా రాజుకుంది.

కొండదారి మొదట్లో ట్రాఫిక్ పోలీసు నిలబడి ఉన్నాడు. సైలెన్సర్లు పీకేసి తిరిగే బళ్ళను పట్టుకోవడం ఆ రోజు అతనికి అప్పగించిన పని. మోత విని చెయ్యి అడ్డం పెట్టాడు. డాక్టరుగారు ఆపలేదు. అలాగని పారిపోనూ లేదు. ఆగితే కారు పోతుంది, పారిపోతే పరువు పోతుంది. అందుకని నడక వేగానికి తగ్గించి, కిటికీలోంచి వాలిన మెడ బయటపెట్టి, ఆపడానికి తనకు వీలు కాదని, ఇంటికొస్తే అంతా వివరంగా చెబుతానని అరిచారు. పోలీసుకు ఒక్క ముక్కా వినబడలేదు. ఆడుతున్న పెదాలు చూసి తనను తిడుతున్నాడనుకున్నాడు. అల్లుడి ప్రవర్తనకు అత్తగారు సిగ్గుతో చచ్చిపోయి, ఏమీ అనుకోవద్దన్నట్టు వెనక్కి తిరిగి రుమాలు ఊపారు. పెద్దావిడ కాపాడమంటోందనుకుని పోలీసు మోటారు సైకిలెక్కి వెంటపడ్డాడు.

అంత శ్రమ పడనక్కర్లేకపోయింది. నడక వేగంలో బయటి గాలి తగలక, తన వేడి తానే పీల్చుకుంటూ కారు రెండో మలుపు దగ్గర దగ్గి, రొప్పి, ఆగిపోయింది. డాక్టరుగారు తాళం తిప్పారు, బతిమాలారు, మళ్ళీ తిప్పారు. అది ఉలకలేదు, పలకలేదు.

పోలీసు వెనక్కి వెళ్ళి, వంగి సైలెన్సరు చూశాడు. అది నిక్షేపంలా ఉంది. ముందుకొచ్చి తాడు విప్పించి బానెట్ ఎత్తించాడు. గుప్పున వేడి మొహానికి కొట్టింది. తాను రోజూ రోగులకు చెప్పే పాఠం డాక్టరుగారికి అప్పుడు గుర్తొచ్చింది: ముక్కంటే ఒట్టి కన్నం కాదు, లోపలికి ఎలాంటి గాలి కావాలో అలా తయారుచేసి పంపే యంత్రం, నోటితో పీల్చకండి. ఆ వంకర గొట్టం ఇన్నేళ్ళూ ముందు నుంచి చల్లగాలి తెచ్చి పెట్టింది. తాను నిక్షేపమైన ముక్కు కోసేసి, పొయ్యి మీద నోరు పెట్టించి పీల్చమన్నారు. మోత పెరిగింది, బలం వీసమెత్తు పెరగలేదు, ఇప్పుడు కారే మిగలదు. ఆయన రోడ్డు పక్క గట్టు మీద కూలబడ్డారు.

"ఈయన మీకేమవుతారమ్మా?" అని పోలీసు అత్తగారిని అడిగాడు.

"మా అల్లుడుగారే బాబూ."

"మరి ఆపమంటే ఎందుకు ఆపలేదు సార్?"

అబద్ధమాడే ఓపిక డాక్టరుగారికి లేకపోయింది. "ఆగితే కారు అమ్మేస్తారండి. షెడ్డు ఖాళీ చేసి, కిటికీ పెట్టించి, అత్తయ్యగారికి గది చేస్తారు."

అత్తగారు సంచీని దగ్గరికి లాక్కున్నారు. "గది సిద్ధంగా ఉందంది మా అమ్మాయి. షెడ్డా అల్లుడుగారూ అది?"

ఆయన తల దించుకున్నారు. ఈ కేసు తన పరిధిలోది కాదని పోలీసుకు అర్థమైంది. మోత తగ్గించుకోమని మాత్రం చెప్పి, కారు చల్లారి మళ్ళీ స్టార్టయ్యే దాకా తోడుండి వెళ్ళాడు.

హెడ్మిస్ట్రెస్ గుమ్మంలోనే నిలబడి ఉంది. తల్లిని పలకరించడానికి ముందే భర్తను, ఎక్కడైనా ఆగిందా అని అడిగింది. డాక్టరుగారు నోరు తెరిచేలోగా అత్తగారు అందుకున్నారు.

"నాకు కళ్ళు తిరిగితే నేనే ఆపించాను. అది లెక్కలోకి రాదు. ముందు నా గది చూపించు."

హెడ్మిస్ట్రెస్‌కు జీవితంలో మొదటిసారి మాట తడబడింది. తల్లి ఆగలేదు. తానే వెళ్ళి పేపర్ల గది తలుపు తీశారు, కట్టలు కట్టలుగా నేల నుంచి కిటికీ దాకా ఉన్న పేపర్లను తేరిపార చూశారు.

"పేపర్లకు గది, నాకు షెడ్డూనా?"

అత్తగారు దంపతుల గదిలోకి వెళ్ళి, మంచం మీద సంచీ పెట్టి, కావాలంటే కూతురు తన పక్కన పడుకోవచ్చని చెప్పారు. ఇకముందు షెడ్డు జోలికి ఎవరూ పోవద్దని, కారు ఎక్కడిదక్కడే ఉండాలని కూడా ఆవిడే ఆజ్ఞ వేశారు. డాక్టరుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఆయన మాట నెగ్గడం అదే మొదలు, అదీ ఆ పూట ఆయన నోరు విప్పకుండానే.

సాయంత్రం దాకా ఆ ఆనందంలోనే ఉన్నారు. ఆ తరవాత మరి తానెక్కడ పడుకోవాలన్న అనుమానం వచ్చింది. హాల్లో అంటే కుదరదు, ముక్కుల డాక్టరే అయినా ఆయన గురక మూడిళ్ళ అవతలికి వినిపిస్తుంది. పోనీ పేపర్ల గది ఖాళీ చేస్తే ఏమవుతుందని అడిగారు భయపడుతూనే.

"కదిపితే పేపర్లు కలిసిపోతాయి," అంది భార్య. "మీరు కలిసిపోరు."

మర్నాడు మెకానిక్ వచ్చి పాత డబ్బా, పాత గొట్టం బిగించి వెళ్ళాడు. కారు ఎప్పటిలాగే రొప్పుతూ కొండెక్కుతోంది, కానీ ఆగడం లేదు. షెడ్డులో దాన్ని కాస్త గోడవారకు జరిపితే మడతమంచం ఒకటి పక్కన పట్టింది. భార్య దుప్పటి తెచ్చి ఇస్తూ, తలుపేసుకుంటే లోపల గాలాడుతుందా అని అడిగింది. గాలి సంగతి మాత్రం తననడగవద్దని డాక్టరుగారు దణ్ణం పెట్టారు.