చక్రం తిరక్కుండా వచ్చిన బండి

ఆ రోజు పొద్దున్న జయప్రకాష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తిని, అమలాపురం వెళ్ళి, షోరూములో కొత్త బైకు తీసుకుని, మధ్యాహ్నం భోజనం వేళకి రాజోలు వచ్చెయ్యడం. అంతే. ఊరి జనం బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని కాలవ గట్టు మీద నిలబడి కళ్ళు తుడుచుకోవడం ఆ పథకంలో ఎక్కడా లేదు.

ఆ బండి కోసం మామ్మ జ్ఞానమ్మ గారిని ఒప్పించడానికి అతనికి ఏడాది పట్టింది. అమ్మా నాన్నా ఏజెన్సీలో టీచర్లు కావడంతో ఇంట్లో మాట మామ్మదే. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. పిల్లల్ని బెంచీ ఎక్కించడం మానేసి చాలా కాలమైనా, ఆ చూపు మాత్రం రిటైరవలేదు. చివరికి ఒప్పుకుంది గానీ, షరతు పెట్టి మరీ ఒప్పుకుంది.

"సాలమోను పాస్టరు గారు ప్రార్థన చేసేదాకా ఆ బండి చక్రం తిరక్కూడదు. ప్రార్థనయ్యేక వెనక సీటు మొదట ఎక్కేది నేను. ఎక్కడైనా పడ్డావనో, ఎవర్నైనా గుద్దేవనో నా చెవినపడిందా, బండి షోరూముకీ, నువ్వు బస్సుకీ. తెలిసిందా?"

"ఆయ్," అన్నాడు జయప్రకాష్.

పాస్టరు గారు మధ్యాహ్నం ఇంటికి వస్తానన్నారు. మరి అప్పటిదాకా చక్రం తిరక్కుండా బండి అమలాపురం నుంచి రాజోలు ఎలా వస్తుంది? ఇంకొకడైతే మామ్మకి తెలుస్తుందా ఏంటని నడుపుకుంటూ వచ్చేసేవాడు. జయప్రకాష్ మాత్రం బుల్లిరాజు గారి ట్రాలీ ఆటో మాట్లాడాడు. ఎండకీ దుమ్ముకీ బండి మీద కప్పడానికి మామ్మ పెట్టెలోంచి, ఆవిడని అడక్కుండా, ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి కూడా తెచ్చాడు. తోడుగా చిన్నప్పటి స్నేహితుడు నాని వచ్చాడు. వాళ్ళ నాన్న ముత్యాలరాజు గారికి రెండు పడవలున్నాయి.

షోరూములో బండిని చూడగానే ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు.

నీలం రంగు. మామూలు నీలం కాదు, వరద తీసి గోదావరి తేటపడ్డాక పొద్దువాలే ముందు ఒక్క క్షణం కనిపించే నీలం. ట్యాంకు మీదకి వంగితే తన మొహం తనకే కనిపించింది, అదీ ఇంట్లో అద్దంలో కన్నా బాగా. ఫోన్లో వెయ్యిసార్లు చూసిన బండే. కానీ ఫోనుకి వాసన రాదు కదా! కొత్త టైర్ల వాసన, కొత్త సీటు వాసన, ఇంకా ఎండ సోకని ఇనుము వాసన. జయప్రకాష్ చెయ్యి చాపి, ముట్టుకోకుండానే వెనక్కి తీసేసుకున్నాడు.

"ఒరేయ్ జేపీ," అన్నాడు నాని గొంతు తగ్గించి, "చెప్పులు బయట విప్పాలేమోరా."

షోరూము వాళ్ళు గుమ్మడికాయ తెచ్చారు. "మీకు ఇష్టమేనా అండీ? లేకపోతే మానేద్దామండి," అన్నారు ఎంతో మర్యాదగా. తమ ఇళ్ళల్లో ఆ అలవాటు లేదని చెప్పాలనుకున్నాడు జయప్రకాష్. కానీ అంత ప్రేమగా తెచ్చినవాళ్ళని చిన్నబుచ్చడం ఎలా? "అయ్యో, కానివ్వండి, దాందేముందండి," అన్నాడు. కుంకుమ కలిపిన గుమ్మడికాయ ఫటేల్మని పగిలింది. సగం నేల మీద, మిగతా సగం జయప్రకాష్ తెల్ల చొక్కా మీద పడింది. అతను చూసుకోనేలేదు. బండికి ఒక్క చుక్కా తగల్లేదు, అదే పదివేలు.

నలుగురు కుర్రాళ్ళు బండిని ఎత్తి ట్రాలీలో పెట్టారు. తాళ్ళతో కట్టి దుప్పటి కప్పారు. తీరా ఆటో కదిలి మొదటి గతుకులో పడగానే ముందు చక్రం కాస్త తిరిగింది. వెంటనే జయప్రకాష్ తలకి తువ్వాలు చుట్టుకుని, ట్రాలీలో వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో చక్రాన్ని కావలించుకున్నాడు.

బోడసకుర్రు వంతెన ఎక్కేసరికి అతనికి లోకం తెలియడం లేదు. పైన ఆకాశం, కింద వైనతేయ పాయ, రెండూ కలిసి దుప్పటి కిందనుంచి మెరిసే సైలెన్సరులో సన్నగా వంగి పారుతున్నాయి. ఇంత అందమైన వస్తువుని మనుషులే చేశారా? చేసి, మళ్ళీ రోడ్డు మీద తిరగనిస్తారా? నోరు తెరుచుకుని, కళ్ళు పైకి పెట్టి, కదలకుండా పడి ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే పక్కనుంచి రాజోలు బస్సు దాటింది. కిటికీ పక్కన ఎదురింటి సత్యవాణి గారు కూర్చుని ఉన్నారు. తెల్ల దుప్పటి కింద బండి, చొక్కా నిండా ఎరుపు, తలకి కట్టు, తెరిచిన నోరు. ఆవిడ చేతిలోని కవర్లు జారిపోయాయి.

ఆవిడ జయప్రకాష్‌కి ఫోను చెయ్యలేదు. అలాంటి స్థితిలో ఉన్న మనిషికి ఫోను చేసి "నీకేమైంది?" అని అడగడం మర్యాద కాదు. జ్ఞానమ్మ గారికి అసలే చెయ్యలేదు. ముత్యాలరాజు గారికి చేశారు. ఇంకో పదిమందికి కూడా చేశారు.

కాసేపటికి జయప్రకాష్ ఫోను మోగింది. ఒక చెయ్యి చక్రం మీదే ఉంచి రెండో చేత్తో ఎత్తాడు.

"బాబూ, నేను ముత్యాలరాజుని. ఎలా ఉన్నావమ్మా?"

"ఇంకా ఒళ్ళు వణుకుతూనే ఉందండి బాబాయ్ గారూ," అన్నాడు జయప్రకాష్. నిజంగానే వణుకుతోంది, ఆనందంతో.

"మరేలే. మా నాని ఎలా ఉన్నాడు?"

"ముందు సీట్లో ఉన్నాడండి. ఇందాకట్నుంచీ మాటాపలుకూ లేదండి వాడికి."

"సరేలే బాబూ. మామ్మగారికి మేమేం చెప్పలేదు. చూస్తే తట్టుకోలేరావిడ."

"నేనే తట్టుకోలేకపోతున్నానండి," అన్నాడు జయప్రకాష్ మనస్ఫూర్తిగా.

తరవాత ఫోను ఆగలేదు. అందరూ క్షేమం అడిగారు, ధైర్యంగా ఉండమన్నారు, మేమున్నామన్నారు. ఏమైందని ఒక్కళ్ళూ అడగలేదు. కొత్త బైకు కొన్నవాడికి ఇంత ధైర్యం ఎందుకు చెబుతున్నారో అర్థం కాకపోయినా, పెద్ద ఇంజను కదా, అందుకేనేమో అనుకున్నాడు. మధ్యలో మామ్మ నంబరు రెండు మూడుసార్లు తొంగిచూసింది గానీ, ఎత్తేలోపే ఇంకొకరు ధైర్యం చెప్పడానికి వచ్చేశారు.

రాజోలు శివార్లలో వాళ్ళ వీధి మొగలో కొబ్బరికాయల లారీ లోడింగు జరుగుతోంది. ట్రాలీ పట్టే దారి లేదు. బుల్లిరాజు ఇంజను ఆపాడు. జయప్రకాష్ లేచి కూర్చుని చూస్తే కాలవ గట్టు నిండా జనం! అరటిపళ్ళు, కొబ్బరి బొండాలు, బ్రెడ్డు ప్యాకెట్లు. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. ముత్యాలరాజు గారు పడవ మనుషులతో, పొడుగాటి వెదురు గడలతో నిలబడి ఉన్నారు.

ఒక్క బండిని చూడ్డానికి ఇంతమందా! జయప్రకాష్ కళ్ళు చెమర్చాయి.

"గడలు తెచ్చేం బాబూ," అన్నారు ముత్యాలరాజు గారు. "అడుగు కింద పెట్టక్కర్లేదు. మోసుకెళ్ళిపోతాం."

"మీ మేలు మర్చిపోలేనండి! చక్రం తిరక్కుండా ఇంటిదాకా ఎలా తీసుకెళ్ళాలా అని చస్తున్నానండి ఇందాకట్నుంచీ!" అంటూ జయప్రకాష్ ట్రాలీలోంచి ఒక్క దూకు దూకాడు.

జనం అతని కాళ్ళవైపు చూశారు. రెండూ బాగానే ఉన్నాయి. నీ కాళ్ళు విరిగాయనుకున్నామని మొహం మీద చెప్పే మోటు మనుషులు ఆ ఊళ్ళో లేరు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. సత్యవాణి గారే తలకి చుట్టిన తువ్వాలు వైపు చూసి, పక్కవాళ్ళతో నెమ్మదిగా అన్నారు.

"చక్రం తిరక్కూడదంటన్నాడు, విన్నారా? కాళ్ళు కాదండీ. తలకి తగిలింది."

అది గాలిలా పాకింది.

"నాన్నా, ఏం అవలేదు! అది గుమ్మడికాయ!" అన్నాడు నాని.

"వీడికీ తగిలిందిరా," అన్నారు ముత్యాలరాజు గారు. "ఎదురు చెప్పకండ్రా ఎవరూ. బాబు ఏం చెయ్యమంటే అది చెయ్యండి."

బాబు బండిని మొయ్యమన్నాడు. మోశారు. దుప్పటి తియ్యకుండానే గడలు దూర్చి, తాళ్ళు బిగించి, అందరూ కలిసి భుజాలకెత్తుకుని, లారీని తప్పించి, కొబ్బరితోటలోంచి, మోకాలి లోతు బోదె కాలవ దాటించి తీసుకెళ్ళారు. సంక్రాంతికి ప్రభని మోసే భుజాలవి. నీళ్ళలో కూడా తొణకలేదు. తలలకి పైన, ఆకుల్లోంచి చారలు చారలుగా పడే ఎండలో, తన బండి తేలిపోతూ వెళ్తుంటే జయప్రకాష్ వెనక నడుస్తూ దణ్ణం పెట్టబోయి, ఏ దణ్ణం పెట్టాలో తెలియక చేతులు కట్టుకున్నాడు.

వరండాలోంచి జ్ఞానమ్మ గారికి కనిపించింది మాత్రం వేరు. భుజాల మీద తెల్ల దుప్పటి కప్పిన బరువు. వెనక తలలు దించుకున్న జనం. పక్కన సాలమోను పాస్టరు గారు కాఫీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డారు.

గుమ్మం ముందు బండి దిగిందో లేదో సత్యవాణి గారికి ఇక ఆగలేదు. "ఏం కాలేదండి మామ్మగారూ! కంగారు పడకండి! యాక్సిడెంటే గానీ ప్రాణానికేం భయం లేదండి!"

యాక్సిడెంటు. ఆ మాట మామ్మ చెవిన పడింది. బండి షోరూముకీ, నువ్వు బస్సుకీ. జయప్రకాష్ ఒక్క అడుగు ముందుకేశాడు. "మామ్మా, నేను... అసలు చక్రమే..."

"నోరుముయ్," అంది మామ్మ.

ఆవిడ మెట్లు దిగి మనవడి దగ్గరికి కాదు, ముందు బండి దగ్గరికి వచ్చింది. దుప్పటి అంచు పట్టుకుని చూసింది. "ఇది నాది," అని ఒక్క లాగు లాగింది.

ఎండ ఆ నీలం మీద పడింది.

జనంలోంచి "ఆ..." అని ఒక్క ఊపిరి వచ్చింది. గడ భుజాన పెట్టుకున్నవాళ్ళు దించడం మర్చిపోయారు. ఎవరి చేతిలోనో బ్రెడ్డు ప్యాకెట్టు జారింది. కొబ్బరి లోడింగు వాళ్ళు కూడా పని మానేసి వచ్చి చూస్తున్నారు. పాస్టరు గారు మాత్రం ఎందుకో చూపు పక్కకి తిప్పుకున్నారు.

మామ్మ కళ్ళజోడు సవరించుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు బండి చుట్టూ తిరిగింది. ట్యాంకు, అద్దాలు, హ్యాండిలు. ఎక్కడా గీత లేదు. అప్పుడు మనవడి వైపు తిరిగి, చొక్కా మీద ఎరుపు వేలితో తాకి, కాలరు మీంచి ఏదో తీసి అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

"గుమ్మడి గింజ," అంది.

"నేను చెప్పలా!" అన్నాడు నాని. ఎవరూ వాడివైపు చూడలేదు. అరటిపళ్ళు తెచ్చినవాళ్ళు వాటిని నెమ్మదిగా వీపు వెనక్కి పెట్టుకున్నారు.

"మరి యీ ఊరేగింపేంట్రా?" అంది మామ్మ.

"నువ్వే కదా మామ్మా, ప్రార్థనయ్యేదాకా చక్రం తిరక్కూడదన్నావ్."

"ప్రార్థన పొద్దున్నే అయిపోయింది. పాస్టరు గారు పనుండి అమలాపురం వెళ్ళి, షోరూము తెరవగానే చేసేసి, బస్సెక్కి వచ్చేసేరు. నడుపుకుంటూ వచ్చెయ్యమని చెబ్దామంటే నీ ఫోను కలిస్తేనా! ఎప్పుడు చూసినా బిజీయే!"

జయప్రకాష్ ఫోను వైపూ, ధైర్యం చెప్పిన జనం వైపూ చూశాడు. జనం కొబ్బరిచెట్లు చూస్తున్నారు.

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "మరే... ప్రార్థనయ్యేక, బండి బాగుందో లేదో చూడమని వాళ్ళే తాళం ఇచ్చేరు బాబూ. వద్దంటే బాగుండదు కదా అని ఓ రౌండు వేసేను." నిజం దాచడం ఆయన వల్ల కాలేదు. "ముక్తేశ్వరం దాకా. స్తోత్రం! ఏం పికప్పు బాబూ!"

చక్రాన్ని కావలించుకుని బోడసకుర్రు వంతెన దాటిన రెండు చేతుల్నీ జయప్రకాష్ తిప్పి తిప్పి చూసుకున్నాడు. మామ్మ మాత్రం హెల్మెట్టు అడిగి తీసుకుని, బిగించుకుని, చీర సర్దుకుని వెనక సీటెక్కింది. "పోనీ," అంది. అంటే బండి ఉంటుందన్నమాట! జయప్రకాష్ తాళం తిప్పి, బటన్ నొక్కాడు.

బండి ఒక్కసారి గుర్రుమంది. ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. ఈసారి గుర్రు కూడా లేదు. మీటరులో పెట్రోలు బొమ్మ ఎర్రగా వెలుగుతోంది. షోరూము వాళ్ళు పోసిన కాస్తా ముక్తేశ్వరం వెళ్ళి వచ్చింది.

"నా బండిలోంచి పైపేసి లాగుతానుండండి మామ్మగారూ," అన్నాడు నాని.

"కొత్త బండికి ఎంగిలి పెట్రోలా!" అంది మామ్మ. "బంకుకే పోదాం. మొదట ఎక్కేది నేనన్నాను, ఎక్కేను. నేను దిగను."

ఇక మిగిలింది ఒకటే దారి. కాకపోతే దానికి లారీ అడ్డం. పొద్దుట్నుంచీ అడగని మాట ఇప్పుడు ముత్యాలరాజు గారు మొహమాటపడుతూ లారీ డ్రైవర్ని అడిగారు. "అయ్యో, ఒక్క మాట చెబితే అప్పుడే తీసేవాణ్ణి కదండీ," అని అతను లారీ తీసేశాడు.

బుల్లిరాజు ట్రాలీ గుమ్మంలోకి వచ్చింది. మామ్మ కూర్చునే ఉంది, బండితో పాటు అందరూ కలిసి ఎత్తి పైన పెట్టారు. జయప్రకాష్ బైకు ముందు సీట్లో కూర్చుని హ్యాండిలు పట్టుకున్నాడు. తాళ్ళు బిగించారు. ఆటో కదిలింది. కాలవ నీళ్ళు వెనక్కి పరిగెత్తాయి, కొబ్బరిచెట్లు వెనక్కి పరిగెత్తాయి, గాలి మొహానికి కొట్టింది, కింద నీలం ట్యాంకులో ఆకాశం కదిలింది. వెనకనుంచి మామ్మ చేతులు నడుము చుట్టూ బిగిశాయి.

"మెల్లగా పోనీరా," అంది మామ్మ.

"బుల్లిరాజు గారూ, మెల్లగానండి," అన్నాడు జయప్రకాష్.

బంకు దగ్గర ఎదురొచ్చిన పెద్దమనిషి కిందనుంచి పైదాకా ఆ బండిని చూసి, కళ్ళు తిప్పుకోలేక, మైలేజీ ఎంతిస్తోందని అడిగాడు.

"ఇరవై దాకా వస్తాదండి," అన్నాడు బుల్లిరాజు ఆటోలోంచి తల బయటపెట్టి.