దూది ఎలుకల బ్యాచ్

ప్రయోగశాల జంతువుల సంరక్షకులను తయారుచేసే నలభై అయిదు రోజుల ఉచిత శిక్షణను కోదాడలో, ఒక చెప్పుల దుకాణం పై అంతస్తులో, ఘనంగా ప్రారంభించారు. శిక్షణ ఇచ్చే సంస్థ ప్రధాన కార్యాలయం సూర్యాపేటలో ఉంది. అభ్యర్థులు ముప్పై మంది. జంతువులు మాత్రం ఇంకా మంజూరు కాలేదు.

ఇంత చిన్న కారణానికి శిక్షణ ఆగడం డైరెక్టర్ శ్రీనాథ్ గారికి నచ్చలేదు. దర్జీ చేత దూదితో ముప్పై ఎలుకలు కుట్టించారు. కళ్ళకు మిరియాలు, తోకకు లంగా నాడా. అభ్యర్థులు వాటికి రోజూ నీళ్ళు మార్చారు, మేత పెట్టారు, తూకం వేసి రిజిస్టర్‌లో రాశారు. వానలకు చెమ్మ పట్టి ఒకటి బరువెక్కితే, చూలుతో ఉందని గుర్తించి వేరే పంజరంలోకి మార్చారు. మొదటి పదిహేను రోజుల్లో ఒక్క మరణం కూడా నమోదు కాలేదు. డైరెక్టర్ గారు పొంగిపోయారు.

పాలకీడు దగ్గరి తండా నుంచి రోజూ బస్సెక్కి వచ్చే బుజ్జి మాత్రం పొంగలేదు. సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఇస్తామని హైదరాబాదులో ఒక మందుల కంపెనీ ఆమెకు మాటిచ్చింది. సర్టిఫికెట్ వస్తుంది సరే, పని కూడా రావాలి కదా అన్నది ఆమె దిగులు.

"సార్, కంపెనీల ఎలుక ఉరుకుతది గదా. పట్టుడెట్లనో గీడ నేర్వకపోతే ఎట్ల?"

శ్రీనాథ్ గారు సిలబస్ తెరిచారు. "చూడమ్మా, ఇక్కడ 'ఎలుక' అని ఉంది. 'బతికున్న' అని ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. ఆ ఆదివారం బుజ్జి మిర్యాలగూడ వెళ్ళింది. అక్కడ ఒక రైసుమిల్లులో ఆమె మేనమామ సక్రు కాపలాదారు.

"మామా, ఒక ఎలుకపిల్ల కావాలె. పెంచుత."

"పిచ్చి లేసిందా? వీటిని సంపలేక నా నడుము పోతున్నది. నువ్వు పెంచుతవా?"

"గదే మా సదువు మామా."

"సదువా!" సక్రు మొహం వెలిగింది. "అయితే ఒక్కటేందే, సంచి పట్టు. డిగ్రీకి సరిపోను ఇస్త."

ఒక్కటే తెచ్చుకుంది. ఇంట్లో ఊక పరిచిన పంజరంలో పెట్టి, రోజూ అరచేతిలోకి తీసుకుని మాట్లాడింది. మొదటి వారం అది రెండుసార్లు కరిచింది. దూది ఎలుకలు ఈ పాఠం చెప్పలేదు. మూడో వారానికి ఆమె చేతిలోనే నిద్రపోసాగింది.

పరీక్ష రోజు సూర్యాపేట నుంచి పరీక్షాధికారి ఏసుపాదం గారు వచ్చి ఉపన్యసించారు. "జీవకారుణ్యం లేని విజ్ఞానం వ్యర్థం! ఎలుక సైతం మన తోబుట్టువే!"

చప్పట్లు మోగాయి. ఇరవై తొమ్మిది మంది దూది ఎలుకలను ఎత్తి, తూచి, దించారు. ముప్పయ్యో అభ్యర్థి బుజ్జి పంజరంలోంచి సిసలైన ఎలుకను తీసింది. తోబుట్టువును చూడగానే ఏసుపాదం గారు కేక పెట్టి బల్లెక్కారు.

భయపడిన ప్రాణి విషయంలో ఏం చెయ్యాలో మూడో పాఠంలో స్పష్టంగా ఉంది. బుజ్జి లైటు ఆర్పింది. బల్ల మీది ప్రాణికి మెల్లగా తువ్వాలు కప్పింది. "ఏం గాదు సార్, భయపడకుండ్రి. జర నీళ్ళు తాగుండ్రి," అని మెత్తగా చెప్పింది. అయిదు నిమిషాల్లో ఊపిరి కుదుటపడింది. ఇంతసేపూ ఎలుక ఆమె రెండో చేతిలో నిద్రపోతూనే ఉంది.

ఫలితాలు వచ్చాయి. ఇరవై తొమ్మిది మందికి డిస్టింక్షన్. బుజ్జి ఫెయిల్. కారణం: "సిలబస్ ప్రకారం ఎలుక తెల్లగా ఉండవలెను. అభ్యర్థిని నల్ల ఎలుకను ప్రవేశపెట్టినారు. పైగా అది ఊపిరి తీసుకొనినది."

"దానికి జర బియ్యప్పిండి పూస్తే అయిపోతుండె గదనే!" అంది తోటి అభ్యర్థిని రమ్య.

"నవ్వకే. నా నౌకరీ ఖతం," అంది బుజ్జి.

శ్రీనాథ్ గారు దయామయులు. "బాధపడకమ్మా. వచ్చే బ్యాచ్‌కి నువ్వే ట్రైనర్‌వి. ట్రైనర్‌కి సర్టిఫికెట్ ఉండాలని ఎక్కడుంది?"

ఎక్కడా లేదు.

మిగతావాళ్ళు మందుల కంపెనీల్లో చేరారు. బుజ్జికి మాటిచ్చిన ఉద్యోగం రమ్యకు దక్కింది. చేరిన రోజు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది. "బుజ్జీ, ఇది కదులుతున్నదే! ఏం జెయ్యాలె?"

సాయంత్రంలోగా ఇంకో ఇరవై ఎనిమిది ఫోన్లు వచ్చాయి.

బుజ్జి అందరికీ ఓపికగా చెబుతోంది. పాఠకులు నిశ్చింతగా ఉండవచ్చు. ఈ ఉదయం మీరు వేసుకున్న మాత్రను మీకంటే ముందు మింగిన ఎలుకలన్నీ కులాసాగా ఉన్నాయని రిజిస్టర్‌లో రాసి ఉంది. కింద సంతకం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళదే.