నా నవలకు మా ఆవిడ పేరు

మగవాడై పుట్టి, నవల రాసి, దానిమీద తన పేరే వేసుకోవడం శుద్ధ తెలివితక్కువ పని! భార్య పేరు వేసుకోవాలి. లేకపోతే పెళ్లెందుకు చేసుకున్నట్టండీ?

నవ్వకండి. నేనలా ఏడు నవలలు రాశాను. మొదటిదాన్ని అచ్యుతరామయ్య అని నా పేరుతోనే పంపితే వీక్లీ ఎడిటర్‌గారు తిప్పికొట్టారు. అదే కట్ట, కామా కూడా మార్చకుండా, పుష్పవల్లి అని మా ఆవిడ పేరుతో పంపాను. వారంలో టెలిగ్రాం! స్త్రీ మనసు స్త్రీకే తెలుస్తుందట. బనియన్ వేసుకుని, బీడీ కాలుస్తూ రాసిన మనసండీ అది!

ఎన్ని లాభాలనుకున్నారు! విమర్శకుడు తిడితే తిట్లు ఆవిడకి. సన్మానమైతే శాలువా ఆవిడకి, పక్కన కుర్చీ నాకు. కుర్చీలు చాలకపోతే నిలబడితే ఒంటికి మంచిదేగా! ఆఫీసులో అందరూ నామీద జాలిపడతారు. "పాపం, ఆవిడ రాసుకుంటుంటే మీకు వంటెవరు చేస్తారండీ?" అని.

అంతా బాగానే ఉంది. కానీ మనిషన్నాక ఆశ చావదు కదా! ఏడో నవల 'తునిలో తులసి లేదు' సినిమాకి తీసుకున్నారు. పెళ్లిచూపుల మర్నాడు తునిలో ఓ అమ్మాయి మాయమవుతుంది. ఆమెను ప్రేమించిన ఫారెస్టాఫీసరు ఊరూరా వెతుకుతాడు. తెరమీద ఒక్కసారి, అంతెత్తున, 'కథ: అచ్యుతరామయ్య' అని పడాలి! అదీ నా గోల. నిర్మాత చలపతిరావుగారికి నిజం చెప్పేద్దామని ఆవిణ్ణి వెంటబెట్టుకుని, కృష్ణానగర్‌లో ఆటో మాట్లాడుకుని, జూబ్లీహిల్స్ ఎక్కాను.

అక్కడ ఆరుగురు పెసరట్లు తింటూ కథాచర్చ చేస్తున్నారు. నేను నోరు తెరిచేలోపే డైరెక్టర్‌గారు మా ఆవిడవైపు తిరిగారు.

"అమ్మా, నవల్లో రాసినట్టు మేనమామ ఆస్తికోసం ఎత్తుకెళ్లాడంటే జనం నమ్మరు. అసలు తులసి ఎందుకు మాయమైందంటారు?"

చచ్చాంరా దేవుడా అనుకున్నాను. ఆవిడ నా నవల ఒక్క పేజీ చదివితే ఒట్టు! వీక్లీ రాగానే అలమారా అరల్లో పరిచేస్తుంది.

"ఎవరూ ఎత్తుకెళ్లలేదండీ," అంది కొంగు సర్దుకుని. "ఇంట్లో అందరూ ఆ పిల్లని 'ఏమే', 'ఒసే', 'ఇదిగో' అనేవాళ్లేగానీ, పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పక్క ఊళ్లో ఎవరో ఒకరోజు 'తులసీ' అన్నారు. అటే వెళ్లిపోయింది."

పెసరట్టు నమిలే చప్పుడు ఆగిపోయింది. చలపతిరావుగారు కళ్లు తుడుచుకున్నారు.

"టైటిల్స్‌లో అమ్మ పేరు ఒక్కటే పడాలయ్యా!" అని కేకేసి, నావైపు చూశారు. "వీరెవరమ్మా?"

"మావారండీ," అంది. నాకూ కాఫీ తెప్పించారు.

నా పేరు గోవిందా! ఆటోలో పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. నా కథ, నా తులసి, నా తుని! ఏమేవ్, అంత మాట ఎక్కణ్ణించి పట్టుకొచ్చావ్ అని అడగబోయి, 'ఏమేవ్' దగ్గరే ఆగిపోయాను. పదకొండేళ్ల కాపురంలో నేనూ ఇంతే కదా! ఏడు నవలలమీద అచ్చేయించుకున్న పేరు నా నోట ఒక్కసారీ రాలేదు. నిజం చెబుతున్నాను, సిగ్గేసింది.

ఇల్లు చేరాం. ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. నేను ముందుగదిలో నిలబడి, గొంతు సవరించుకుని పిలిచాను.

"పుష్పవల్లీ!"

"పోస్ట్‌మ్యాన్ వచ్చినట్టున్నాడు, చూడండి," అంది లోపల్నించి.