కంపైల్ చేయనివాడే ధన్యుడు

సొంత కంప్యూటర్లో సొంతంగా సాఫ్ట్‌వేర్ కంపైల్ చేసుకునేవాణ్ణి జైల్లో పెట్టాలి! కోపంతో అనడం లేదు, ప్రజాహితం కోరి అంటున్నాను.

సోర్స్ అంటే మనుషులు రాసిన పాఠం. దాన్ని యంత్రం తలకెక్కేలా మార్చడమే కంపైల్. ఆ చాకిరీ అంతా ఎక్కడో ఎవరో ముందే చేసి మూటకట్టి పెడితే అది రెడీమేడ్ ప్యాకేజీ. ఒక్క మీట నొక్కితే నలభై సెకన్లలో దిగుతుంది. మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

బిష్కెక్‌లో నదుల నీటిమట్టం కొలిచే ఆఫీసులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ వరం దక్కకముందు మేం పడ్డ పాట్లు వింటే మీకు కళ్లనీళ్లు తిరుగుతాయి. మావన్నీ ముసలి కంప్యూటర్లు. నదుల పటాలు గీసే సాఫ్ట్‌వేర్‌ని ఒక్కదాంట్లో కంపైల్ చేస్తే మూడు రోజులు! అందుకని అషర్ పెట్టేవాళ్లం. ఒకడు ఇల్లు కట్టుకుంటుంటే వీధివీధంతా వచ్చి మట్టి ఇటుకలు చేసిపెడుతుంది చూడండి, మా దగ్గర దాన్నే అషర్ అంటారు. శుక్రవారం మధ్యాహ్నం ఏడుగురం ఎవరి కంప్యూటర్ వాళ్లు మోసుకుని ఒకే గదిలో చేరేవాళ్లం. అన్నిటినీ తీగలతో కలిపి పనిని తలా కాస్త పంచేవాళ్లం. అయినా ఆరు గంటలు పట్టేది. ఎవరి సాఫ్ట్‌వేరైతే వాళ్లు అందరికీ టీ, బోర్సోక్ పెట్టాలి.

బోర్సోక్ అంటే నూనెలో వేస్తే బుస్సున పొంగే పిండిముక్కలు. నేను వేయిస్తే పొంగవు. "ఎర్మెక్, ఇవి తినడానికా, తలుపు కింద పెట్టడానికా?" అని మా ఆఫీసు గుల్బర అందరి ముందూ అడిగింది. ప్యాకేజీలొచ్చాక నా వంటను అవమానించే అవకాశం ఒక్కరికీ దొరకలేదు. నాగరికత అంటే ఇదే కదా!

ఇక సాగిన్ బైకే. బైకే అంటే అన్నగారు; మా అందరికీ పెద్దన్న. రిటైరై ఆరేళ్లయినా అషర్ అంటే అందరికంటే ముందు వచ్చి కూర్చునేవాడు. తెరమీద పరుగులు తీసే అక్షరాలను రెప్పవేయకుండా చూసేవాడు. అవి ఆగాయో, "ఒరేయ్, ఏదో ముక్క దొరకలేదంటోంది. ఎవడ్రా మర్చిపోయింది?" అని కేక. ఆ మధ్యలో ఒకే కథ: వరదల్లో కొలబద్ద పట్టుకుని గుర్రంమీద నది దాటిన కథ.

"బైకే, పోయినసారి తెల్లగుర్రమన్నారు. ఇప్పుడు ఎర్రదంటారేంటి?" అనేది గుల్బర.

"అప్పుడు మంచులో ఉందమ్మా. మంచు కరిగాక అసలు రంగు బయటపడింది!"

ఈ కథ బారినుంచి నన్ను కాపాడింది ఎవరు? రెడీమేడ్ ప్యాకేజీ!

దాని లోపల ఏముందో మాకు తెలియదు. తెలియకపోవడంలో ఎంత ప్రశాంతత! మొన్న మార్చిలో మా పటంలోంచి ఒక వాగు మాయమైంది. పూర్వమైతే సోర్స్ విప్పి ఏడుగురం జుట్టూజుట్టూ పట్టుకునేవాళ్లం. ఈసారి కొత్త ప్యాకేజీ వచ్చేదాకా హాయిగా ఆగాం. నెల తర్వాత వచ్చింది, వాగూ వచ్చింది. కొట్లాట లేదు, మాటామంతీ లేదు.

పైగా శుక్రవారం ఆరు గంటలు మిగిలాయి! అవన్నీ నావే! నా గదిలో నేను కూర్చుంటాను, పక్కగదిలో గుల్బర కూర్చుంటుంది. "ఉన్నావా?" అని మెసేజ్ పెడతాను. "ఉన్నా" అని జవాబొస్తుంది. ఎంత పొదుపు!

ఒక్క చిన్న ఇబ్బంది. ప్రతి శుక్రవారం పదకొండింటికి సాగిన్ బైకే ఫోన్ మోగుతుంది. కంపైల్ చేయడాన్ని ఆయన ఇల్లు కట్టినట్టు 'కట్టడం' అంటాడు.

"ఏమైనా కట్టేది ఉందా, ఎర్మెక్?"

"లేదు బైకే. రెడీమేడ్ దిగిపోయింది."

"మంచిదేలే, మీకు శ్రమ తప్పింది. కంప్యూటర్ దుమ్ముదులిపి సంచిలో పెట్టుకున్నా. ఊరికే అడిగా."

అంటాడు, కానీ ఫోన్ పెట్టెయ్యడు. ఆయన భార్య పోయి రెండేళ్లవుతోంది. ఈ రెండేళ్లూ నాది అదే జవాబు. సిగ్గేస్తుంది, చెప్పక తప్పదు.

మా దగ్గర అతిథికి టీ సగం గిన్నే పోస్తాం, మళ్లీ మళ్లీ పోయొచ్చని. నిండా పోస్తే తాగి లేవమని అర్థం. రెండేళ్లుగా నేనాయనకు నిండు గిన్నె పోస్తూనే ఉన్నాను.

నిన్న శుక్రవారం. పదకొండయింది. ఫోన్ మోగింది.

"ఏమైనా కట్టేది ఉందా?"

"ఉంది బైకే. ఆ వాగు మళ్లీ మాయమైంది. ప్యాకేజీతో లాభంలేదు, మొదట్నుంచీ కట్టాలి."

"చెప్పానా లేదా! ఆ మూటల్ని నమ్మొద్దని చెప్పానా లేదా! ఎవణ్ణీ ఏదీ ముట్టుకోవద్దను. వచ్చేస్తున్నా!"

పాఠకులారా, పటంలో వాగు నిక్షేపంగా ఉంది. గుల్బరను పిలిచి చూపించాను. వాగును చూసింది, నన్ను చూసింది, మళ్లీ వాగును చూసింది.

"అవును, ఎక్కడా కనిపించట్లేదే! మిగతావాళ్లకి నేను చెప్తాలే. బోర్సోక్ మాత్రం నువ్వు ముట్టుకోకు."

కాబట్టి నా డిమాండ్‌లో మార్పేమీ లేదు. కంపైల్ చేసేవాళ్లను జైల్లో పెట్టాల్సిందే! కాకపోతే ఏడుగురినీ ఒకే గదిలో పెట్టండి. ఆరు గంటలకు తగ్గకుండా.